లింకన్ పార్టీని నల్లజాతి ఓటర్లు ఎప్పుడు విడిచారు, ఎందుకు విడిచారు?

మీ ప్రశ్న సారాంశం ఇది: బానిసత్వాన్ని రద్దు చేసిన లింకన్ రిపబ్లికన్, దక్షిణాది రాష్ట్రాలలో నల్లజాతివారిని అణచివేసిన నాయకులు డెమోక్రాట్లు, అలాంటప్పుడు నేడు ఆఫ్రికన్ అమెరికన్లలో పదిమందికి తొమ్మిదిమంది దాకా డెమోక్రాట్లకే ఎందుకు ఓటు వేస్తున్నారు? వారు చరిత్ర మరిచిపోయారా, లేక ప్రభుత్వ సాయానికి ఆశపడి పార్టీ మారారా? మళ్లీ రిపబ్లికన్ల వైపు వెళ్తారా? నేను జార్జియాలోని ఒక కళాశాలలో ఇరవై రెండేళ్లుగా అమెరికా ప్రభుత్వ వ్యవస్థను బోధిస్తున్నాను. నా తరగతుల్లో సగానికి పైగా నల్లజాతి విద్యార్థులే ఉంటారు. మీరు అడిగిన ప్రశ్నే మన తెలుగు మిత్రుల ఇళ్లలో ప్రతి ఎన్నికల ఏడాదీ నాకు ఎదురవుతుంది కాబట్టి కాస్త విస్తారంగానే రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే, వారు ఏదీ మరిచిపోలేదు. మార్పు ఒక్కసారిగా కాక రెండు విడతలుగా జరిగింది. మొదటి విడత 1936లో. ఉత్తరాది నగరాలకు వలస వెళ్లి అక్కడ ఓటు సంపాదించుకున్న నల్లజాతివారు, ఆర్థిక మాంద్యంలో పని చూపించిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కు ఓటు వేశారు. రెండవ విడత 1964లో. పౌరహక్కుల చట్టం విషయంలో ఇద్దరు అధ్యక్ష అభ్యర్థులు చెరొక వైపు నిలబడటంతో, అప్పటిదాకా ఊగిసలాడుతున్న ఓటు స్థిరపడింది. వీటికి తోడు, చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. దక్షిణాది నల్లజాతివారిలో ఎక్కువమంది అసలు పార్టీ మారనే లేదు. 1965 దాకా వారికి చేతిలో ఓటే లేదు.

అంతర్యుద్ధం తరువాతి కాలంతో మొదలుపెడతాను. బానిసత్వాన్ని రద్దు చేసిన 13వ రాజ్యాంగ సవరణ (1865), పౌరసత్వాన్ని ఇచ్చిన 14వ సవరణ (1868), జాతి కారణంగా ఓటును నిరాకరించరాదన్న 15వ సవరణ (1870), ఈ మూడూ రిపబ్లికన్ల కృషితో వచ్చినవే. 1870లో మిసిసిపీ నుంచి హైరమ్ రెవెల్స్ సెనేట్‌లోనూ, దక్షిణ కరోలినా నుంచి జోసెఫ్ రైనీ ప్రతినిధుల సభలోనూ అడుగుపెట్టారు, ఇద్దరూ రిపబ్లికన్లే. ఆ పార్టీయే ఓడ, దాని బయట ఉన్నదంతా సముద్రమే అన్న అర్థంలో, బానిసత్వం నుంచి తప్పించుకుని వచ్చిన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ పేరుతో ఒక మాట ప్రచారంలో నిలిచిపోయింది. ఆనాటి నల్లజాతి ఓటరుకు అది అలంకారం కాదు, ప్రాణరక్షణకు సంబంధించిన లెక్క. పోలింగ్ రోజున తుపాకులతో వచ్చే తెల్లవారి ముఠాలకు, ఓటరుకు నడుమ నిలిచినది కేంద్ర సైన్యం. ఆ సైన్యాన్ని పంపినది రిపబ్లికన్ ప్రభుత్వం.

1876 ఎన్నికల ఫలితం వివాదంలో పడినప్పుడు కుదిరిన రాజీతో ఈ ఏర్పాటు తెగిపోయింది. రిపబ్లికన్ హేస్ అధ్యక్షుడయ్యాడు, 1877లో దక్షిణాది రాజధానుల నుంచి సైన్యం తప్పుకుంది. తరువాత ఒక్కొక్క రాష్ట్రం ఓటును చట్టబద్ధంగానే లాగేసుకుంది. 1890లో మిసిసిపీ కొత్త రాజ్యాంగం ఓటు వేయాలంటే కట్టవలసిన తల పన్నునూ, అక్షరాస్యతా పరీక్షనూ తెచ్చింది. లూసియానా 1898లో, 1867కు ముందు తండ్రికో తాతకో ఓటు ఉన్నవారికి ఆ పరీక్ష అక్కరలేదన్న నిబంధన పెట్టింది. అప్పట్లో నల్లజాతివారి తాతలు బానిసలు కాబట్టి ఈ మినహాయింపు ఎవరి కోసమో చెప్పనక్కరలేదు. లూసియానాలో 1896లో నమోదై ఉన్న నల్లజాతి ఓటర్లు లక్షా ముప్పై వేలు. 1900 నాటికి మిగిలినవారు 5,320 మంది. ఈ అంకెలను నేను ప్రతి ఏడాదీ తరగతిలో నల్లబల్ల మీద రాస్తాను, రాసిన తరువాత కాసేపు ఏమీ మాట్లాడను.

ఈ పని చేసినది డెమోక్రాట్లే. అంతవరకు మీ ప్రశ్నలో తప్పు లేదు. అయితే రిపబ్లికన్లు అప్పుడు ఏం చేశారన్నది అందులో లేదు. దక్షిణాదిలో ఎన్నికలను కేంద్రం పర్యవేక్షించేందుకు వారు 1890లో ఒక బిల్లును ప్రతినిధుల సభలో నెగ్గించారు. సెనేట్‌కు వచ్చేసరికి వెండి నాణేల బిల్లు ముఖ్యమనుకున్న పశ్చిమ రాష్ట్రాల రిపబ్లికన్లు డెమోక్రాట్లతో చేతులు కలపడంతో అది 1891లో మూలపడింది. ఆ తరువాత దక్షిణాది రిపబ్లికన్ శాఖలలోనే నల్లజాతివారిని కమిటీల నుంచి తప్పించి పార్టీని తెల్లవారి పార్టీగా నిలబెట్టాలన్న వర్గాలు బలపడ్డాయి. 1906లో టెక్సాస్‌లోని బ్రౌన్స్‌విల్‌లో జరిగిన కాల్పుల నేరాన్ని మోపి, విచారణ లేకుండానే 167 మంది నల్లజాతి సైనికులను కొలువు నుంచి తొలగించినది రిపబ్లికన్ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్. లింకన్ మీది కృతజ్ఞతను ఆ పార్టీ ఏళ్ల తరబడి వాడుకుంటూ బదులుగా ఇవ్వవలసినది తగ్గిస్తూ వచ్చిందన్నది నా అభిప్రాయం. 1912లో విసిగిపోయిన నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్ డెమోక్రాట్ వుడ్రో విల్సన్‌ను సమర్థించి చూశారు. విల్సన్ గెలిచాక కేంద్ర కార్యాలయాలలో నల్లజాతి ఉద్యోగులను వేరుచేసి కూర్చోబెట్టారు. ఇటు చూస్తే నిర్లక్ష్యం, అటు చూస్తే శత్రుత్వం.

ఈ ప్రతిష్టంభనను తొలగించినది వలస. 1910లో ఆఫ్రికన్ అమెరికన్లలో సుమారు తొంభై శాతం దక్షిణాదిలోనే ఉండేవారు. అప్పటి నుంచి 1970 వరకు దాదాపు అరవై లక్షల మంది షికాగో, డెట్రాయిట్, న్యూయార్క్, ఫిలడెల్ఫియా వంటి నగరాలకు తరలిపోయారు. మిసిసిపీలో వాటాకు పత్తి పండించిన మనిషి షికాగో మాంసం కర్మాగారంలో చేరితే కూలితో పాటు ఓటూ వచ్చేది.

మార్పు ఎలా జరిగిందో చూడాలంటే షికాగో దక్షిణ భాగంలోని ఒక్క నియోజకవర్గాన్ని గమనించండి. దీనికంటే మంచి పాఠం నాకు దొరకలేదు. 1901 తరువాత అమెరికా కాంగ్రెస్‌లో ఒక్క నల్లజాతి సభ్యుడూ లేని కాలం ఇరవై ఎనిమిదేళ్లు సాగింది. 1928లో ఆ ఖాళీని భర్తీ చేసిన ఆస్కర్ డిప్రీస్ట్ ఇక్కడి నుంచి గెలిచినవాడే, రిపబ్లికన్. మాంద్యంలో తన ఓటర్లు ఇళ్ల అద్దె కట్టలేక వీధిన పడుతుంటే ఆయన కేంద్ర సహాయ పథకాలను వ్యతిరేకించారు. 1934లో ఆర్థర్ మిచెల్ ఆయనను ఓడించి, కాంగ్రెస్‌కు ఎన్నికైన మొదటి నల్లజాతి డెమోక్రాట్ అయ్యారు. మిచెల్ కూడా ఒకప్పుడు రిపబ్లికనే. 1938లో మిచెల్ మీద రిపబ్లికన్‌గా పోటీ చేసి ఓడిన విలియమ్ డాసన్ మరుసటి ఏడాది డెమోక్రాట్లలో చేరి, 1942లో అదే స్థానాన్ని గెలుచుకుని 1970లో మరణించే దాకా నిలబెట్టుకున్నారు. పదిహేనేళ్ల లోపు ఒకే ప్రాంతంలో ఓటర్లూ నాయకులూ కలిసి దారి మార్చుకున్నారు. మారినది వారి ఇంటి పరిస్థితి, దానికి తగినట్టు మారినది వారి ఓటు.

1932లో మాత్రం, మాంద్యం అంత తీవ్రంగా ఉన్నా, నల్లజాతి ఓటర్లలో ఎక్కువమంది అప్పటి రిపబ్లికన్ అధ్యక్షుడు హూవర్‌కే వేశారు. నల్లజాతివారి పిట్స్‌బర్గ్ కూరియర్ పత్రిక సంపాదకుడు రాబర్ట్ వాన్ ఆ ఏడాది, ఇక ఇంటికి వెళ్లి లింకన్ పటాన్ని గోడవైపు తిప్పండి, ఆ రుణం పూర్తిగా తీరిపోయింది అని ప్రసంగించారు. మరో నాలుగేళ్లకు ఆ మాట నిజమైంది: 1936లో దాదాపు 71 శాతం ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌కు ఓటు వేశారు.

మీ ప్రశ్నలోని రెండవ భాగానికి, అంటే ప్రభుత్వ సాయానికి ఆశపడ్డారా అన్నదానికి, ఇక్కడే జవాబు చెప్పాలి. రూజ్‌వెల్ట్ పథకాలలో నల్లజాతివారిని ఎక్కువగా ఆకర్షించినవి రోడ్లు వేయించి, బడులు కట్టించి కూలి ఇచ్చిన ఉపాధి పథకాలు. ఉచితంగా వచ్చినదని ఎవరైనా అనుకునే సామాజిక భద్రతా చట్టం (1935) వ్యవసాయ కూలీలనూ ఇంటి పనివారినీ మొదట్లో మినహాయించింది. దక్షిణాదిలో నల్లజాతివారు ఎక్కువగా చేసినవి ఆ రెండు పనులే. మూకలు మనుషులను చంపడాన్ని కేంద్ర నేరంగా చేసే బిల్లుకు కూడా, దక్షిణాది డెమోక్రాట్ల సహకారం పోతుందన్న భయంతో, రూజ్‌వెల్ట్ గట్టి మద్దతు ఇవ్వలేదు. 1941లో రక్షణ పరిశ్రమలలో జాతి వివక్షను నిషేధించిన ఉత్తర్వు కూడా, కార్మిక నాయకుడు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ వాషింగ్టన్ మీదకు వేలాది మందిని నడిపిస్తానని హెచ్చరించాక వచ్చినదే. ప్రతిదీ బేరమాడి, పట్టుబట్టి సాధించుకున్న వర్గాన్ని సాయానికి లొంగిపోయినవారని అనడం అన్యాయం.

ఓటు వేయడం వేరు, తాను ఫలానా పార్టీ మనిషినని చెప్పుకోవడం వేరు. 1936లో 71 శాతం రూజ్‌వెల్ట్‌కు వేసినా, తాము డెమోక్రాట్లమని చెప్పుకున్నవారు 44 శాతమే. 1948లో డెమోక్రాట్ అధ్యక్షుడు ట్రూమన్ పౌరహక్కుల కార్యక్రమానికి ఆగ్రహించిన దక్షిణాది డెమోక్రాట్లు వేరు కుంపటి పెట్టుకుని, ఆయన సైన్యంలో జాతి వివక్షను తొలగించే ఉత్తర్వు మీద సంతకం చేశాకే ఆ సంఖ్య సగం దాటింది. అప్పటికీ తలుపులు మూసుకోలేదు: 1956లో రిపబ్లికన్ అధ్యక్షుడు ఐసెన్‌హవర్‌కు దాదాపు 39 శాతం నల్లజాతి ఓట్లు వచ్చాయి. బడులలో జాతి వేర్పాటు చెల్లదన్న 1954 తీర్పును ఇచ్చిన ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ ఆయన నియమించినవారే.

నేనున్న అట్లాంటాలో ఈ ఊగిసలాట మరీ స్పష్టంగా కనిపించేది. జార్జియాలో డెమోక్రాటిక్ పార్టీ అంటే జాతి వేర్పాటును ప్రచార నినాదం చేసుకున్న గవర్నరు యూజీన్ టాల్మడ్జ్ పార్టీ. కాబట్టి అట్లాంటాలోని ఆబర్న్ అవెన్యూ వీధి నల్లజాతి వ్యాపారులలో, మతగురువులలో రిపబ్లికన్లకు పట్టు ఉండటంలో వింత లేదు. వారి పెద్ద జాన్ వెస్లీ డాబ్స్ రిపబ్లికన్, న్యాయవాది ఎ.టి. వాల్డెన్ డెమోక్రాట్. ఈ ఇద్దరూ కలిసి 1949లో నల్లజాతి ఓటర్ల లీగ్‌ను స్థాపించి, నగర ఎన్నికలలో పార్టీతో నిమిత్తం లేకుండా తమ వీధికి దీపాలు, తమవారికి పోలీసు ఉద్యోగాలు ఎవరిస్తారో చూసి ఓట్లను ఒక్కచోట చేర్చారు. అట్లాంటా మొదటి నల్లజాతి మేయరైన డెమోక్రాట్ మేనార్డ్ జాక్సన్ ఈ డాబ్స్ మనవడే.

మార్టిన్ లూథర్ కింగ్ తండ్రిగారు కూడా 1960లో రిపబ్లికన్ అభ్యర్థి నిక్సన్‌కే మద్దతు ప్రకటించారు. ఎన్నికలకు మూడు వారాల ముందు అట్లాంటాలో నిరసనలో కింగ్ అరెస్టయ్యారు. మిగతావారిని వదిలేసినా, పాత ట్రాఫిక్ కేసులోని షరతు ఉల్లంఘించారని ఒక న్యాయమూర్తి నాలుగు నెలల శిక్ష వేసి, ఆయనను దూరాన ఉన్న రీడ్స్‌విల్ జైలుకు పంపించారు. అక్కడి నుంచి ప్రాణాలతో వస్తారో రారోనని కుటుంబం భయపడింది. డెమోక్రాట్ అభ్యర్థి జాన్ కెన్నెడీ కింగ్ భార్య కొరెటాకు ఫోన్ చేసి ధైర్యం చెప్పారు, కెన్నెడీ తమ్ముడు రాబర్ట్ న్యాయమూర్తితో మాట్లాడారు. నిక్సన్ బహిరంగంగా ఏమీ అనలేదు. కింగ్ విడుదలయ్యాక తండ్రిగారు తన ఓటు కెన్నెడీకేనని ప్రకటించారు, ఆ వార్త కరపత్రాలుగా నల్లజాతి చర్చిలకు చేరింది. దేశం మొత్తం మీద కెన్నెడీ ఆధిక్యం లక్షా ఇరవై వేల ఓట్ల లోపే. ఇంత జరిగినా నిక్సన్‌కు దాదాపు 32 శాతం నల్లజాతి ఓట్లు వచ్చాయని గుర్తుంచుకోండి. నాలుగేళ్ల తరువాత అది 6 శాతానికి పడిపోయింది.

ఆ నాలుగేళ్లలో జరిగినది, హోటళ్ల వంటి బహిరంగ స్థలాలలో జాతి వేర్పాటును నిషేధించిన 1964 పౌరహక్కుల చట్టం. దీని మీద తరచు వినిపించే వాదన ఒకటుంది: సెనేట్‌లో 33 మంది రిపబ్లికన్లలో 27 మంది, 67 మంది డెమోక్రాట్లలో 46 మంది అనుకూలంగా ఓటు వేశారు కాబట్టి రిపబ్లికన్లే ఎక్కువ మద్దతిచ్చారని. అంకెలు నిజమే. రిపబ్లికన్ నాయకుడు ఎవరెట్ డర్క్‌సన్ సహకరించకపోతే ఆ బిల్లు గట్టెక్కేది కాదు, ఆ ఘనత ఆయనకు దక్కాలి. అయితే ఓట్లను పార్టీ వారీగా కాక ప్రాంతం వారీగా విడదీసి చూడండి. అంతర్యుద్ధంలో విడిపోయిన పదకొండు రాష్ట్రాల 22 మంది సెనేటర్లలో అనుకూలంగా వేసినది ఒక్కరే, టెక్సాస్ డెమోక్రాట్ రాల్ఫ్ యార్‌బరో. ఆ ప్రాంతం నుంచి ఉన్న ఏకైక రిపబ్లికన్ కూడా వ్యతిరేకంగానే వేశారు. గీత పార్టీల మధ్య కాదు, ఉత్తర దక్షిణాల మధ్య ఉంది.

ఓటరు అధ్యక్ష అభ్యర్థిని చూస్తాడు. చట్టం మీద సంతకం చేసినవారు డెమోక్రాట్ లిండన్ జాన్సన్. వ్యతిరేకించిన ఆరుగురు రిపబ్లికన్లలో ఒకరైన బారీ గోల్డ్‌వాటర్‌నే ఆ పార్టీ, ఆ సంతకం జరిగిన నెలలోనే, అభ్యర్థిగా నిలిపింది. గోల్డ్‌వాటర్ 1957, 1960 నాటి పౌరహక్కుల చట్టాలకు అనుకూలంగా ఓటు వేసినవారే. ప్రైవేటు వ్యాపారాల మీద కేంద్రం ఆంక్ష రాజ్యాంగ విరుద్ధమన్నది ఆయన వాదన. కానీ హోటల్లో అన్నం పెట్టేది లేదని గెంటించుకున్న మనిషికి ఆ వాదన ఎలా వినిపిస్తుందో ఆలోచించండి. గోల్డ్‌వాటర్ తన సొంత అరిజోనా కాక గెలిచినవి జార్జియాతో సహా ఐదు దక్షిణాది రాష్ట్రాలు. నల్లజాతి ఓటర్లలో దాదాపు 94 శాతం జాన్సన్‌కు వేశారు.

1965 ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం వచ్చింది. మిసిసిపీలో అర్హులైన నల్లజాతివారిలో నమోదైనవారు అంతకుముందు 6.7 శాతం; 1967 నాటికి 59.8 శాతం. ఇక్కడ నా సొంత పొరపాటు ఒకటి చెప్పాలి. నా విద్యార్థులు ఏటా ఇంట్లోని పెద్దల నుంచి మొదటి ఓటు కథ సేకరించి తెస్తారు. మొదట్లో నేనిచ్చిన ప్రశ్నపత్రంలో మీరు ఏ సంవత్సరంలో పార్టీ మారారు అన్న ప్రశ్న ఉండేది. నైరుతి జార్జియా పల్లెకు చెందిన ఒక అమ్మాయి తన అమ్మమ్మగారి సమాధానాలు తెచ్చినప్పుడు ఆ గడి ఖాళీగా ఉంది. అడిగితే, ఓటరు కాకుండా పార్టీ ఎలా మారతారని అమ్మమ్మ అన్నదని చెప్పింది. ఆవిడ నలభై మూడేళ్ల వయసులో, 1965 చివరలో నమోదయ్యారు. అంతకుముందు రెండుసార్లు వెళ్లి, పరీక్షలో తప్పారని వెనక్కి పంపితే తిరిగి వచ్చారు. మరుసటి ఏడాది నుంచి ఆ ప్రశ్నను మార్చాను. దక్షిణాది నల్లజాతివారు ఒక పార్టీని వదిలి మరొక పార్టీలో చేరారని రాసేవారు ఆ ఖాళీ గడిని గుర్తుపెట్టుకోవాలి.

రెండు పార్టీలు ఒక రాత్రిలో స్థానాలు మార్చుకున్నాయన్న కథ కూడా సరికాదు. 1964లో దక్షిణ కరోలినా సెనేటర్ స్ట్రామ్ థర్మండ్ రిపబ్లికన్లలో చేరినా, జాతి వేర్పాటును సమర్థించిన సెనేటర్లలో అధికులు, మా జార్జియా రిచర్డ్ రసెల్‌తో సహా, డెమోక్రాట్లుగానే మరణించారు. తెల్లజాతి ఓటర్లు మొదట అధ్యక్ష ఎన్నికలలో, తరువాత సెనేట్‌కు, చిట్టచివర స్థానిక పదవులకు మారారు. అంతర్యుద్ధం వెంటనే వచ్చిన పునర్నిర్మాణ కాలం తరువాత జార్జియాకు తొలి రిపబ్లికన్ గవర్నరు ఎన్నికైనది 2002లో. దక్షిణాది తెల్లవారిని ఆకర్షించే వ్యూహంతో 1968లో గెలిచిన నిక్సనే, 1969లో ప్రభుత్వ నిర్మాణ పనులలో నల్లజాతి కార్మికులకు లక్ష్యాలు పెట్టారు. ఇలాంటి అడ్డుదిడ్డపు వాస్తవాలు చాలా ఉన్నాయి.

నా విద్యార్థులలో కొందరు ప్రతి ఆదివారం చర్చికి వెళ్తారు, గర్భస్రావాన్ని వ్యతిరేకిస్తారు, పన్నులు తక్కువగా ఉండాలంటారు; ఓటు మాత్రం డెమోక్రాట్లకే. తెల్లజాతివారిలో ఇవే అభిప్రాయాలున్నవారు రిపబ్లికన్లవుతారు. రాజనీతి శాస్త్రవేత్త మైకేల్ డాసన్ దీనికి ముడిపడిన విధి అన్న భావనతో కారణం చెప్పారు: నా జాతికి జరిగేది నాకూ జరుగుతుంది కాబట్టి జాతికి ఏది మేలో చూస్తే నా మేలూ చూసుకున్నట్టే అన్న అనుభవం. దీనికి చర్చి, కుటుంబం, ఇరుగుపొరుగు తోడవుతాయి. ఇంట్లో అందరూ కలిసి ఓటు వేయడానికి వెళ్లే సంప్రదాయం ఎంత బలమైనదో ఎన్నికల రోజున పోలింగ్ కేంద్రంలో సిబ్బందిగా కూర్చున్నప్పుడు కళ్లారా చూశాను.

ఇక ఇటీవలి సంగతి. ఒబామాకు 2008లో 95 శాతం, 2012లో 93 శాతం వచ్చాయి. 2020లో బైడెన్‌కు 87, ట్రంప్‌కు 12. 2024లో హారిస్‌కు 85 శాతం ప్రాంతంలో, ట్రంప్‌కు ఒక సర్వే ప్రకారం 13, మరొక దాని ప్రకారం 16. పురుషులలో, ముఖ్యంగా యువకులలో, ఈ జారుడు ఎక్కువ. అరవైలను చూడని తరానికి ఆ ఎన్నికల బరువు తాతల మాటగానే తెలుసు. అయితే ఇవి సర్వే అంకెలు. దేశవ్యాప్త సర్వేలో నల్లజాతి యువకుల సంఖ్య తక్కువే కాబట్టి రెండు మూడు శాతాల తేడాను గట్టిగా పట్టుకోవద్దు.

మన తెలుగువారికి దీనితో ఉన్న సంబంధం ఒక్కమాటలో చెబుతాను. మన పెద్దలు ఈ దేశానికి రావడానికి దారి తెరిచిన వలస చట్టం మీద జాన్సన్ సంతకం చేసినది 1965 అక్టోబరు 3న, ఓటు హక్కు చట్టం వచ్చిన రెండు నెలల లోపు. రెండింటినీ ఆమోదించినది ఒకే కాంగ్రెస్.

మళ్లీ రిపబ్లికన్ల వైపు వెళ్తారా అని కూడా అడిగారు. నా దృష్టిలో పెద్ద మార్పు ఒక పార్టీ నుంచి మరొక పార్టీకి కాక, ఓటు వేయడం నుంచి ఇంట్లో ఉండిపోవడానికి జరుగుతుంది. 2012లో అర్హులైన నల్లజాతి ఓటర్లలో సుమారు 66 శాతం ఓటు వేస్తే, 2016లో అది 60 శాతం దగ్గరికి పడిపోయింది. నాలుగైదు రాష్ట్రాలలో ఫలితం తేలే ఎన్నికలో, ట్రంప్‌కు పెరిగిన కొద్ది శాతం కంటే ఆ ఆరు శాతమే ఎక్కువ తూగుతుంది. మీరు రాబోయే ఎన్నికలలో ఫలితాలు చూస్తున్నప్పుడు ఎవరికెంత శాతం అన్నదాని కంటే ముందు అట్లాంటా, డెట్రాయిట్, మిల్వాకీ, ఫిలడెల్ఫియాలలో ఎంతమంది వచ్చి ఓటు వేశారో చూడండి.